ఇంటర్ అయ్యాక చదవను, గేమర్‌నే అవుతానంటున్నాడు – ఏం చేయాలి?

ప్రశ్న: మాది చీపురుపల్లి. మావారు పైడిభీమవరంలో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నాడు. ఛానల్‌కి ఎనిమిది వందల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారట. ఇంటర్ అయ్యాక చదువు మానేసి ప్రో ప్లేయర్ అవుతానంటున్నాడు. హైదరాబాద్‌లో ఎవరో టీమ్ వాళ్లు రమ్మన్నారట, ట్రైనింగ్‌కి ముప్పై వేలు కట్టాలట. కొత్త ఫోన్ కూడా ఈఎంఐలో తీయమంటున్నాడు. వాళ్ల నాన్నేమో ఫోన్ పగలగొడతానంటున్నారు. ఇందులో నిజంగా భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం, ముందు రెండు సంగతులు. ఆ ముప్పై వేలు కట్టకండి. ఆ ఫోన్ పగలగొట్టనివ్వకండి.

డబ్బు సంగతి ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, అసలైన ఈ-స్పోర్ట్స్ (అంటే పోటీలుగా ఆడే వీడియో గేమ్స్) టీమ్ ఏదైనా ఆటగాడికి తనే జీతం ఇస్తుంది, ఉండటానికి చోటు, ఆడటానికి ఫోను కూడా తనే చూస్తుంది, ఎందుకంటే దాని ఆదాయం స్పాన్సర్ల నుంచీ ప్రైజ్ మనీ నుంచీ వస్తుంది. పిల్లాడి దగ్గర ఫీజు తీసుకునేది మహా అయితే కోచింగ్ సెంటర్, కాకపోతే మోసం. వాళ్లను ఒకే ఒక్క మాట అడగండి: గత ఏడాది ఏ అధికారిక టోర్నమెంట్‌లో ఏ రౌండ్ దాకా వెళ్లారు? నిజమైన టీమ్ అయితే ఆ మ్యాచ్‌లు యూట్యూబ్‌లోనే ఉంటాయి, వెతికి చూసుకోవచ్చు. ఇంకొకటి, మీ అబ్బాయికి 18 నిండలేదు కాబట్టి వాడు పెట్టే సంతకం చట్టప్రకారం చెల్లదు, రేపు కాగితం తెస్తే మీ సంతకమే అడుగుతారు. అందులో ఎన్నేళ్లకు ఒప్పందం, ఛానల్ ఆదాయంలో వాటా ఎవరికెంత, మధ్యలో వదిలేస్తే ఎదురు కట్టాలా, ఈ మూడూ ఒక లాయర్‌కి చూపించకుండా సంతకం చేయొద్దు.

ఇక భవిష్యత్తు ఉందా అంటే, ఉంది. మీవారికి కూడా ఇది చెప్పండి, ఎందుకంటే ఇది ఉత్త టైంపాస్ అని కొట్టిపారేస్తే అబ్బాయి ఇంక మీ మాట వినడు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడా మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో దీనికి పతకాలిచ్చారు. 2024 జూన్‌లో బీజీఎంఐ దేశవ్యాప్త సిరీస్ ఫైనల్ మన హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగింది, మొత్తం ప్రైజ్ మనీ 2 కోట్లు.

కానీ ఆ ఫైనల్‌కి చేరేది 16 జట్లు. జట్టుకి నలుగురు చొప్పున 64 మంది, మొత్తం దేశానికి! ఆ కింద ఇంకో కొన్ని జట్లకి అంతో ఇంతో జీతాలు ఉంటాయి, ఆ తర్వాత ఆడేవాళ్లంతా సొంత డేటా ఖర్చుతో ఆడుతున్నవాళ్లే. గెలిచిన డబ్బు మీద కూడా సాధారణంగా 30 శాతం పన్ను ముందే పట్టుకుని ఇస్తారు, మిగిలింది నలుగురూ టీమూ పంచుకోవాలి. ఈ లెక్క కాగితం మీద వేసి అబ్బాయికి చూపించండి, తిట్టొద్దు, చూపించండి చాలు.

మన దగ్గర దీన్ని పోల్చి చూడటానికి మంచి ఉదాహరణ ఉంది. విజయనగరం దగ్గర కొండవెలగాడలో పిల్లలు వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకుంటారు, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది, ఆ తర్వాత ఎఫ్‌సీఐలో పెద్ద ఉద్యోగం చేసింది. ఆ దారిలో ఊళ్లోనే నేర్పే పెద్దవాళ్లున్నారు, జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు, పతకం వస్తే ఉద్యోగావకాశం, ఇలా మెట్లు కనిపిస్తాయి. గేమింగ్‌లో ఆ మెట్లు ఇంకా కట్టలేదు. పైగా మైదానమే ఒక కంపెనీది. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. 2022 ఫిబ్రవరిలో అలాంటిదే ఇంకో ఆట, ఫ్రీ ఫైర్ పోయింది. పబ్‌జీ స్థానంలో వచ్చిన ఈ బీజీఎంఐని కూడా 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, మళ్లీ 2023 మేలో గానీ రాలేదు. పది నెలలు! ఆ పది నెలలూ చదువు మానేసి ఇదొక్కటే నమ్ముకున్న పిల్లవాడు ఏం చేసి ఉంటాడో మీ అబ్బాయినే ఆలోచించమనండి. నేను డిగ్రీ మానొద్దు అనేది అందుకే.

బాబూ, ఇక్కడి నుంచి నీకు. అమ్మ ఇది నీకు చూపిస్తుందని తెలుసు.

నీకు ఆటలో అన్నిటికంటే పై ర్యాంక్ కాంకరర్ వచ్చి ఉండొచ్చు, ఊళ్లో నీ ఫ్రెండ్స్ అందరిలో నువ్వే బాగా ఆడతావేమో కూడా. కానీ ర్యాంక్ పుష్ చేయడంలో ఎక్కువ భాగం ఓపిక, టైమ్. టోర్నమెంట్ మ్యాచ్‌లో 16 స్క్వాడ్లూ (జట్లూ) నీలాంటివాళ్లవే ఉంటాయి, మధ్యలో తేలిగ్గా దొరికే బాట్‌లు, అంటే కంప్యూటర్ ఆడించే బొమ్మ ఆటగాళ్లు, అక్కడుండవు. అక్కడ కావాల్సింది ఐజీఎల్ (ఆటలో జట్టుని నడిపే కెప్టెన్) మాట వినడం, లేదా నువ్వే ఐజీఎల్ అయితే టెన్షన్‌లో కూడా నలుగురినీ నడిపించడం, ఓడిన మ్యాచ్ రికార్డింగ్ మళ్లీ చూసి తప్పు రాసుకోవడం. ఒకే స్క్వాడ్‌తో ఎన్ని నెలలు కలిసి ఆడావు? ఎవరైనా ఆడగలిగే అర్హత పోటీల్లో, అదే ఓపెన్ క్వాలిఫయర్లలో, ఎన్నిటికి పేరిచ్చావు, ఏ రౌండ్‌లో బయటికొచ్చావు? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా ప్రో అవుతాననడం తొందరపాటే. ఇంకో విషయం, బీజీఎంఐలో 18 నిండనివాళ్లకు రోజుకి 3 గంటలే అనుమతి. నువ్వు అంతకంటే ఎక్కువ ఆడుతున్నావంటే పుట్టిన తేదీ తప్పు ఇచ్చి ఉండాలి, లేదా అమ్మానాన్నల పేరు మీద ఆడుతుండాలి. పెద్ద పోటీలో వయసు రుజువు అడిగిన రోజు ఆ అకౌంట్ నీకే అడ్డం వస్తుంది, ఇప్పుడే సరిచేసుకో.

ఆడటం వేరు, స్ట్రీమింగ్ వేరు అని కూడా తెలుసుకో. నిజం చెప్పాలంటే నీకు రెండోదానిలోనే ఎక్కువ అవకాశం ఉందని నాకనిపిస్తోంది, ఎందుకంటే దేశంలో టాప్ 64లో ఉండక్కర్లేదు, జనానికి నీతో గంటసేపు కూర్చోవాలనిపిస్తే చాలు. తెలుగులో, అందులోనూ మన ఉత్తరాంధ్ర యాసలో, "ఏటిరా బాబూ అలా దూకీసినావు" అంటూ సహజంగా మాట్లాడే గేమర్‌కి మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు, ఇక్కడి నుంచి వైజాగ్, హైదరాబాద్ వెళ్లి ఉంటున్నవాళ్లు దొరుకుతారు. హిందీ స్ట్రీమర్లను అనుకరిస్తూ "గాయ్స్ గాయ్స్" అని అరవడం మానేయ్, ఆ పోటీలో నువ్వు కనపడవు. అయితే తెలుగు ప్రేక్షకులు హిందీ అంతమంది ఉండరు, ప్రకటనల డబ్బు కూడా అంతంతమాత్రమే, అది మాత్రం మనసులో పెట్టుకో.

డబ్బు ఎలా వస్తుందో అమ్మకు కూడా తెలియాలి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ కావాలి. చూసేవాళ్లు లైవ్‌లో డబ్బు పంపే సూపర్ చాట్, నెలనెలా కట్టే మెంబర్‌షిప్ లాంటివైతే 500 మందితో, 3,000 గంటలతోనే తెరుచుకుంటాయి. సూపర్ చాట్‌లో 30 శాతం, వీడియో ప్రకటనల్లో 45 శాతం యూట్యూబ్ ఉంచుకుంటుంది. ఈ డబ్బు చేతికందించే గూగుల్ యాడ్‌సెన్స్ ఖాతాకి 18 ఏళ్లుండాలి కాబట్టి అది అమ్మ పేరునో నాన్న పేరునో తెరవాలి, ఇంటి అడ్రస్‌కి పోస్టులో పిన్ నంబర్ వస్తుంది, వంద డాలర్లు నిండితేనే బ్యాంకులో పడతాయి. అందువల్ల సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూసి మురిసిపోకు. లైవ్‌లో ఒకే సమయానికి సగటున ఎంతమంది ఉంటున్నారు, వచ్చినవాళ్లు మళ్లీ వస్తున్నారా, ఈ రెండే చూడు. ఎనిమిది వందల మందిలో లైవ్‌కి ఎనిమిది మంది వస్తుంటే ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నట్టు.

ఇది మాత్రం ఒట్టేసుకున్నట్టే పాటించాలి. ఛానల్ కొంచెం పెరగగానే టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది, మా యాప్ లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టు, నెలకి ఇంత ఇస్తాం అని. అది బెట్టింగ్ యాప్, ఏ రంగు వస్తుందో పందెం కాసే కలర్ ప్రెడిక్షన్, డబ్బు కట్టి ఆడే రమ్మీ, ఏదైనా సరే ముట్టుకోవద్దు. మన రాష్ట్రంలో 2020 నుంచే వాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తూనే డబ్బు పెట్టి ఆడే ఆటలను మొత్తంగా నిషేధించింది, వాటికి ప్రచారం చేసినవాళ్లకి 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. అదే ఏడాది మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో పేరున్న యూట్యూబర్ల మీద కూడా కేసులు పెట్టారు. తలా యాభై రూపాయలు వేసుకుని కస్టమ్ రూమ్ (మీకు మీరే పెట్టుకునే ప్రైవేట్ మ్యాచ్) పెట్టి గెలిచినవాడికి ఆ డబ్బు పంచడం కూడా పందెమే, దాని జోలికీ పోవద్దు. నీ లింక్ నొక్కి ఎవరో పదో తరగతి కుర్రాడు వాళ్లమ్మ దాచుకున్న డబ్బు పోగొట్టుకుంటే ఆ పాపం ఏ సంపాదనతోనూ పోదు.

అమ్మా, మళ్లీ మీకు. పరీక్షలు అయ్యేవరకు శని, ఆదివారాల్లో మాత్రమే లైవ్, రాత్రి పదికి ఫోన్ బయట గదిలో ఉండాలి. ఇది వాళ్ల నాన్నతో కూర్చోబెట్టి ముగ్గురూ కలిసి ఒప్పుకోవాలి, కేకలేసి పెట్టిన రూల్ వారం కూడా నిలవదు. పరీక్షలయ్యాక జూన్ ఆఖరు దాకా వాడికి పూర్తి టైమ్ ఇవ్వండి, మనస్ఫూర్తిగా ఇవ్వండి. అధికారిక క్వాలిఫయర్లు ఆడనివ్వండి, రోజూ ఒకే వేళకి లైవ్ పెట్టనివ్వండి. కొత్త ఫోన్ ఈఎంఐ మాత్రం వద్దు, షిఫ్టు డ్యూటీ జీతం మీద ఇంకో వాయిదా ఎక్కించడం అన్యాయం, ఛానల్ సంపాదిస్తే ఆ డబ్బుతో కొనుక్కుంటాడు. కావాలంటే మంచి ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించండి, అది చదువుకీ పనికొస్తుంది.

ఆ మూడు నెలల్లో ఎలా ఉన్నా డిగ్రీలో చేరాల్సిందే. ఏ డిగ్రీ అన్నది వాడికి గేమింగ్‌లో నిజంగా ఏ పని నచ్చిందో చూసి తేల్చుకోండి. ఆట ఎలా తయారవుతుందో అన్న ఆసక్తి ఉంటే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాసి కంప్యూటర్ సైన్స్ తీసుకోవచ్చు, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, రాజాం, టెక్కలి కాలేజీలున్నాయి, చదువుతూనే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీ, దానికి కావాల్సిన ప్రోగ్రామింగ్ భాష సీ షార్ప్ నేర్చుకోవచ్చు. బొమ్మలు గీయడం, డిజైన్ మీద మనసుంటే డిజైన్ కోర్సులకి యూసీడ్, ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్షలున్నాయి, వాటికి ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు. వీడియో ఎడిటింగ్ బాగా వచ్చేసిందంటే విజయనగరం మహారాజా కాలేజీలో బీఎస్సీ చేస్తూ ఇతర స్ట్రీమర్లకి ఎడిటింగ్ చేసి పెట్టొచ్చు, చాలామందికి మొదటి సంపాదన అలాగే వస్తుంది. టోర్నమెంట్లకి కాస్టర్లు (కామెంటరీ చెప్పేవాళ్లు) కావాలి, ఏ స్క్వాడ్ పోరాటం స్క్రీన్ మీద చూపించాలో నిర్ణయించే అబ్జర్వర్లు కావాలి, గ్రాఫిక్స్, ప్రొడక్షన్ వాళ్లు కావాలి. ఆటగాడి వేళ్ల వేగం కొన్నేళ్లే నిలుస్తుంది, ఈ పనులు ముప్పై దాటాక కూడా చేయొచ్చు.

ఒక్కటి గమనిస్తూ ఉండండి. ఫోన్ తీసుకుంటే చేయి చేసుకోవడం, అన్నం మానేయడం, స్నేహితులతో కూడా మాట్లాడకపోవడం, వారాల తరబడి నిద్ర లేకపోవడం కనిపిస్తే అది కెరీర్ సమస్య కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చింది. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఉత్తరంలో అలాంటివేవీ లేవు, లైవ్ పెట్టే పిల్లాడు నలుగురితో మాట్లాడుతూనే ఉన్నాడు కాబట్టి ఇప్పటికి భయపడకండి.

మీవారిని ఒక ఆదివారం వాడి లైవ్ మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూడమనండి, మధ్యలో ఏమీ అనకుండా. జూన్ అయ్యాక ఛానల్ అనలిటిక్స్ (ఎంతమంది, ఎంతసేపు చూశారన్న లెక్కలు), ఆడిన క్వాలిఫయర్ల ఫలితాలు, ఇంటర్ మార్కులు మూడూ కలిపి నాకు పంపండి, డిగ్రీలో సీటు తీసుకునే ముందు ఇంకోసారి మాట్లాడుకుందాం.