అకిలీస్ నొప్పికి కొలాజెన్ పౌడర్ కంటే ముందు కంచం చూసుకోండి

మూడు నెలలుగా మడమ వెనక అకిలీస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే గట్టి పట్టీ) నొప్పి, బరువు తగ్గాలని డైటింగ్, మధ్యలో పరుగు కూడా ఆపలేదు. ఇప్పుడు టెండన్‌లో ప్రధానంగా ఉండే ప్రొటీన్ అయిన కొలాజెన్ పౌడర్ మొదలుపెడితే తగ్గుతుందా అని అడిగారు. పౌడర్ సంగతి కింద చెప్తాను. ముందు ఆ డైటింగ్ ఆపండి.

టెండన్ నొప్పితో వచ్చే రన్నర్లలో నేను తరచూ చూసేది మొత్తం తిండే చాలకపోవడం. లెక్క ఇలా వేసుకోండి. బరువు 65 కిలోలు, అందులో కొవ్వు 10 అనుకుంటే మిగిలేది 55. రోజుకు 2,000 కేలరీలు తిని పరుగులో 700 ఖర్చు చేస్తే శరీరానికి దక్కేవి 1,300. కొవ్వు తీసేసిన ఆ 55తో భాగిస్తే కిలోకు 24 కేలరీలు కూడా రావు. 45 దగ్గర ఉంటే నిశ్చింత. తరచూ చెప్పే 30 కేలరీల హద్దు అందరికీ ఒకే గీత కాదు గానీ, దానికంటే కిందికి దిగి వారాల తరబడి ఉంటే హార్మోన్లు పడిపోతాయి, మరమ్మతులు వెనకబడతాయి. నెలసరి తప్పడం, ఊరికే చలి వేయడం, నిద్ర పట్టకపోవడం దీని గుర్తులు. నెలసరి ఆగిపోయి ఉంటే డాక్టర్‌ను కలవాల్సిందే.

ఆ తర్వాత ప్రొటీన్. కిలో బరువుకు 1.6 గ్రాముల చొప్పున 65 కిలోలకు దాదాపు 105 గ్రాములు. రాత్రి ఒక్కపూటే కుక్కేయకుండా నాలుగు పూటలకు పంచండి. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది కాబట్టి, పొద్దున రెండు గుడ్లు తిని సరిపోయిందనుకోవద్దు.

ఇక పౌడర్. 2017లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 15 గ్రాముల జెలటిన్‌ను (కొలాజెన్‌ను ఉడికించి తీసేదే ఇది) విటమిన్ సితో కలిపి తాగి, గంట తర్వాత 6 నిమిషాలు స్కిప్పింగ్ చేస్తే, రక్తంలో కొలాజెన్ తయారీ సూచిక రెట్టింపైంది. పాల్గొన్నది ఎనిమిది మందే, కొలిచింది నొప్పిని కాదు. అయినా ప్రయత్నించదగ్గదే, ఎందుకంటే ఇందులో తర్కం ఉంది. టెండన్‌కు రక్తం తక్కువగా అందుతుంది. బరువు పడినప్పుడు స్పాంజిలా లోపలి ద్రవం బయటికి పోయి, వదిలినప్పుడు కొత్తది లోపలికి వస్తుంది. ఆ సమయానికి రక్తంలో కొలాజెన్‌కు ముడిసరుకైన గ్లైసిన్, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు నిండుగా ఉండాలన్నదే ఆలోచన. రాత్రి భోజనం తర్వాత తాగి పడుకుంటే ఆ ప్రయోజనం పోయినట్టే.

15 గ్రాముల జెలటిన్‌ను కొద్దిగా చల్లటి నీళ్లలో ఐదు నిమిషాలు నాననిచ్చి, తర్వాత వేడినీళ్లు పోసి కరిగించండి. నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కట్టి ఇక కరగదు. గోరువెచ్చగా అయ్యాక ఒక నారింజ రసం కలపండి. కొలాజెన్ పోగులు గట్టిపడటానికి విటమిన్ సి కావాలి, అయితే 50 మిల్లీగ్రాములు చాలు. 1,000 మిల్లీగ్రాముల మాత్రలతో అదనపు లాభమేమీ లేదు. జెలటిన్‌లో శరీరానికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉండదు కనుక ఈ 15 గ్రాములను పై 105లో కలపొద్దు. శాకాహారులకు ఒక హెచ్చరిక: మొక్కల కొలాజెన్ పేరుతో అమ్మే వాటిలో సాధారణంగా కొలాజెనే ఉండదు.

తాగిన గంటకు నిలబడి మడమలు ఎత్తి దించే పిక్కల వ్యాయామం చేయండి. మూడు సెకన్లు పైకి, మూడు సెకన్లు కిందికి, 15 చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. తేలికయ్యే కొద్దీ చేతిలో బరువు పెంచండి. కనీసం 12 వారాలు పడుతుంది. ఇది చేయకుండా పౌడర్ ఒక్కటే తాగడం వృథా. నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటి పొద్దుటికి మామూలైపోతే బరువు సరిపోయినట్టే.

రెండు మడమల దగ్గరా టెండన్ లావుగా ఉందేమో తడిమి చూడండి. ఉంటే కొలెస్ట్రాల్ కొలిచే రక్తపరీక్ష, లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకు అది అకిలీస్‌లో కూడా పేరుకోవచ్చు. అదుపులో లేని షుగర్ కూడా కొలాజెన్ పోగులకు అంటుకుని వాటిని బిరుసుగా మారుస్తుంది, అందుకే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా అప్పుడే చూపించుకోండి. ఎప్పుడైనా టప్పున తెగిన శబ్దం వచ్చి మునివేళ్ల మీద లేవలేకపోతే తిండి, వ్యాయామం పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.