మా అకౌంటెంట్‌కు రొమ్ము క్యాన్సర్.. ఆరు నెలలు ఇంట్లో ఉండమనడం మంచిదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల హోల్‌సేల్ వ్యాపారం. 22 మంది పనిచేస్తున్నారు. తొమ్మిదేళ్లుగా మా దగ్గర బిల్లింగు, అకౌంట్లు చూస్తున్న ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. వయసు 41. ఆపరేషన్ అయింది, వచ్చే వారం నుంచి కీమో మొదలవుతుందట. ఆరు నెలలు ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాను. ఆమె ఏడ్చేసింది, ‘నన్ను తీసేయకండి సార్’ అంది. నాకు ఆ ఉద్దేశమే లేదు. ఆమెకు పని చెప్పొచ్చా? మా వాళ్లలో ఒకరిద్దరు ఆమె వాడిన బాత్‌రూమ్ వాడటానికి జంకుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి? జీతం 20 వేలు, ఇ.ఎస్.ఐ., పీఎఫ్ ఉన్నాయి. ఈ కష్టకాలంలో జీతం కాస్త పెంచుదామనుకుంటున్నాను. ఇంకేం చేయగలను?
– ఒక పాఠకుడు, విజయవాడ

డాక్టర్ సలహా: మీరు మంచి మనసుతోనే ఇంట్లో ఉండమన్నారు. కానీ క్యాన్సర్ అని తెలిసిన నెలలోనే యజమాని నోట ‘ఆరు నెలలు రావద్దు’ అన్న మాట వస్తే, ఆమెకు అది ఉద్యోగం పోయినట్టే వినిపిస్తుంది. నా దగ్గర చికిత్స తీసుకునే ఉద్యోగినుల్లో చాలామంది ‘బతుకుతానా’ అన్న ప్రశ్న తర్వాత అడిగేది ‘పనికి వెళ్లొచ్చా’ అనే. జీతం ఒక కారణం. రోజంతా ఇంట్లో పరామర్శలు వింటూ, రోగిగానే గడపాల్సి రావడం ఇంకో కారణం. కాబట్టి ముందుగా ఆమెను పిలిచి, లేదా ఇంటికి వెళ్లి, ‘నీ కుర్చీ నీదేనమ్మా, ఎప్పుడు రాగలవో, ఎంత చేయగలవో నువ్వే చెప్పు’ అనండి. ఇది మీ నోటితోనే చెప్పాలి, మేనేజరు చేత కబురు పంపితే సరిపోదు. కొందరు చికిత్స అయ్యేవరకు పూర్తిగా సెలవే కోరుకుంటారు. ఆమె అదే అడిగితే అదే ఇవ్వండి. నిర్ణయం మాత్రం ఆమెది, ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టర్‌ది.

కీమోలో ఆమె ఎలా ఉంటుందో చాలావరకు ముందే అంచనా వేయొచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కువగా మూడు వారాలకొకసారి మందు ఎక్కిస్తారు, కొన్ని మందులు వారం వారం ఇస్తారు. మూడు వారాల పద్ధతే అనుకుందాం. మందు ఎక్కించిన తర్వాత నాలుగైదు రోజులు నీరసం, వికారం, నోటికి ఏదీ రుచించకపోవడం. ఆ తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు మనిషి చూడటానికి కోలుకున్నట్టే ఉంటుంది గానీ రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి, ఇన్ఫెక్షన్ భయం అప్పుడే ఎక్కువ. మూడో వారం చాలామందికి బాగుంటుంది. అంతలో మళ్లీ కీమో.

దీన్ని మీ ఆఫీసు క్యాలెండర్ మీద పెట్టి చూడండి. ఆమె చేతిలో ఉండే పెద్ద పనులు నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నులు, అంటే 11వ తేదీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20వ తేదీ 3బి (పన్ను లెక్క, చెల్లింపు) అనుకుంటున్నాను. ఈ నెల 5న కీమో అయితే 20వ తేదీ ఆమెకు బాగుండే వారంలో పడుతుంది, రిటర్ను తనే వేసుకోగలదు. తర్వాతి కీమో 26న, ఆ తర్వాతది వచ్చే నెల 16 లేదా 17న. అంటే ఆ నెల 20వ తేదీ సరిగ్గా ఆమె తల ఎత్తలేని రోజుల్లో పడుతుంది, ఆ పనికి ముందే వేరే మనిషిని చూసుకోవాలి. కీమో తేదీలు, రిటర్ను తేదీలు ఒకే క్యాలెండర్ మీద ఆమెతో కలిసి కూర్చుని రాసుకుంటే, ఎవరికీ కంగారు లేకుండా సగం సమస్య తీరుతుంది. తెల్లకణాలు తగ్గే వారం టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) పని ఇంటి నుంచి చేసే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. ఒకోసారి రక్తపరీక్ష బాగాలేక కీమో వారం వాయిదా పడుతుంది, అప్పుడు తేదీలన్నీ జరుగుతాయి. విసుక్కోవద్దు. సహాయానికి కొత్త మనిషిని పెట్టుకోవడం తప్పేం కాదు. కాకపోతే అది తాత్కాలికమేనని, ఆ మనిషి పని నేర్చుకునేది ఆమె దగ్గరేనని ముందు ఆమెకు చెప్పండి. ఒకరోజు వచ్చి చూస్తే తన సీట్లో ఇంకెవరో ఉండే పరిస్థితి రానివ్వొద్దు.

ఇక ఆమె కూర్చునే చోటు. స్పేర్ పార్టుల గోడౌన్‌లో గ్రీజు, డీజిల్, థిన్నర్ వాసనలు మీకు అలవాటైపోయి ఉంటాయి. కీమోలో ఉన్న మనిషికి ఇంట్లో తిరగమోత వాసనకే కడుపులో తిప్పేస్తుంది. టేబులు గోడౌన్‌కు దూరంగా, గాలి వచ్చే చోటికి, బాత్‌రూమ్‌కు దగ్గరగా మార్చండి. చంకలోని గ్రంథులు తీసి ఉంటే ఆ చేతికి వాపు వచ్చే అవకాశం ఉంటుంది, ఆ చేత్తో ఫైళ్ల కట్టలు, పార్టుల డబ్బాలు మోయనివ్వకండి. ఎంత బరువు ఎత్తొచ్చో, ఎప్పటినుంచో ఆమె సర్జన్ చెబుతారు. పాక్లిటాక్సెల్ వంటి కీమో మందులు వేశాక వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి మొద్దుబారతాయి. నోట్లు లెక్కపెట్టడం, కీబోర్డు మీద అంకెలు కొట్టడం కష్టమవుతుంది. జ్ఞాపకం, ఏకాగ్రత కూడా కొంతకాలం తగ్గొచ్చు. బిల్లులో తప్పు దొర్లితే అది నిర్లక్ష్యం అనుకోకండి. క్యాష్ కౌంటర్ కొన్నాళ్లు వేరేవాళ్లకు ఇచ్చి, ఆమె వేసిన బిల్లులు మరొకరు ఒకసారి సరిచూస్తే చాలు.

ఒక్క విషయం మాత్రం ఆఫీసులో కనీసం ఇద్దరికి కచ్చితంగా తెలిసి ఉండాలి. కీమో జరుగుతున్న రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే అది అత్యవసర పరిస్థితి. పారాసిటమాల్ ఇచ్చి కాసేపు పడుకోమనకూడదు, సాయంత్రం చూద్దాం అనకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెల్లకణాలు లేని సమయంలో ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణం మీదకు తెస్తుంది. ఒక థర్మామీటరు, ఆమె ఆసుపత్రి ఫోన్ నంబరు, ఆమె భర్తదో అన్నదో నంబరు ఆఫీసులో ఉంచండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు ఆమె గదిలోకి వెళ్లకుండా చూడండి.

బాత్‌రూమ్ సంగతి. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఆమెతో కలిసి అన్నం తిన్నా, ఒకే గ్లాసుతో నీళ్లు తాగినా, పక్కన కూర్చున్నా రాదు. కీమో ఎక్కించాక దాదాపు 48 గంటలు మందు కొంత మూత్రం, మలం ద్వారా బయటికి పోతుంది కాబట్టి ఆ రెండు రోజులు మూత పెట్టి రెండుసార్లు ఫ్లష్ చేయమని, చేతులు సబ్బుతో కడుక్కోమని మేమే చెబుతాం. ఆ రోజుల్లో ఆమె ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. తర్వాత రేడియేషన్ ఇచ్చినా, బయట మిషన్ నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవదు, ఎవరికీ సోకదు. ఈ మాటలు మీ వాళ్లందరినీ కూర్చోబెట్టి మీరే చెప్పండి, జంకిన ఒకరిద్దరిని వేలెత్తి చూపకుండా. చెప్పే ముందు ఆమెను అడగాలి: ఎవరికి ఎంత చెప్పొచ్చని. కొందరు పేరుతో సహా అందరికీ తెలియాలంటారు, కొందరు ‘ఆపరేషన్ అయింది’ అంటే చాలంటారు.

మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. స్కార్ఫ్ కట్టుకుని వచ్చినా, విగ్గుతో వచ్చినా కౌంటర్ దగ్గర ఎవరూ మాట అనకుండా చూసే బాధ్యత మీదే. ‘మా పిన్నికీ ఇలాగే వచ్చి పోయింది’ అనే కథలు, బొప్పాయి ఆకు రసం సీసాలు కూడా ఆఫీసు గడప దాటకూడదు. ఆకు రసాలు, పసర్లు కొన్నిసార్లు కాలేయాన్ని దెబ్బతీసి కీమోనే ఆపేయాల్సి వస్తుంది. ‘ఈ రోజు ఎలా ఉందమ్మా’ అని అడిగి, చెప్పింది వింటే చాలు.

కీమో అయిపోగానే మనిషి మామూలైపోతుందని అందరూ అనుకుంటారు. ఆ అలసట నెలల తరబడి ఉండొచ్చు. రేడియేషన్ ఉంటే మూడు నుంచి ఐదు వారాలు, వారానికి ఐదు రోజులు ఆసుపత్రికి వెళ్లాలి. చికిత్స నిమిషాల్లో అయిపోతుంది గానీ ప్రయాణం, వరుసలో నిరీక్షణ పూట తినేస్తాయి. హార్మోన్ మాత్రలు అవసరమైతే ఐదేళ్లో, అంతకంటే ఎక్కువో వాడాలి, కీళ్ల నొప్పులు, ఒంట్లో ఆవిర్లు ఉంటాయి. మొదట్లో సగం పూట, తర్వాత వారానికి నాలుగు రోజులు, అలా మెల్లగా పూర్తి పనిలోకి రానివ్వండి.

డబ్బు సంగతి చివర రాస్తున్నా, మీరు వెంటనే చూడాల్సింది మాత్రం ఇదే. ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం)లో మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. క్యాన్సర్ వారి దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి, రెండేళ్ల సర్వీసు, కనీసం 156 రోజుల చందా ఉంటే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొందే వీలుంది. సెలవు రోజులకు ఇ.ఎస్.ఐ. డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి. గుణదల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి ఆమెను ఒంటరిగా తిప్పకుండా మీ ఆఫీసు కుర్రాడిని తోడు పంపండి. మీ వైపు చందా ఒక్క నెల కూడా ఆలస్యం కాకూడదు. పీఎఫ్ నుంచి వైద్యానికి డబ్బు తీసుకోవచ్చు, ఆ దరఖాస్తు ఆన్‌లైన్‌లో మీ వాళ్లే పెట్టించండి.

జీతం పెంచాలన్న మీ ఆలోచన గొప్పది. కానీ కాస్త ఆగండి. ఇ.ఎస్.ఐ. వేతన పరిమితి 21 వేలు. ఆమె జీతం అది దాటితే, నడుస్తున్న చందా కాలం అంటే సెప్టెంబరు లేదా మార్చి చివరి వరకే చందా కడతారు, ఆ తర్వాత చందా ఆగిపోతుంది, కొన్నాళ్లకు పథకం ప్రయోజనాలూ ఆగిపోవచ్చు. లక్షల్లో అయ్యే చికిత్స మధ్యలో అలా జరగకూడదు. ఏ పెంపూ ఇవ్వకముందే ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అడగండి. ఈలోగా కీమో రోజు ఆసుపత్రికి కారు పంపడం, ఇ.ఎస్.ఐ. ఇవ్వని మిగతా 20, 30 శాతాన్ని ఏ రూపంలో సర్దాలో మీ ఆడిటరుతో మాట్లాడటం ఈ వారంలోనే మొదలుపెట్టొచ్చు.

– మెడికల్ ఆంకాలజిస్ట్