గొంతు తియ్యగా ఉంటే చాలదమ్మా

చి. లలితకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పీహెచ్‌డీలో చేరుతున్నావనీ, అదీ చూపులేనివాళ్ల కోసం కంప్యూటర్‌లో తెలుగు గొంతు తయారుచేసే పని మీదేననీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పూట అన్నం సహించలేదు. సగం సంతోషం, సగం భయం. సంతోషం సంగతి వీధంతా చెప్పుకున్నాను కాబట్టి ఇక్కడ భయం సంగతే రాస్తాను.

గైడుతో గొడవ పెట్టుకోకు. ఫెలోషిప్ డబ్బు ఆలస్యమవుతుంది, ముందే కొంత దాచుకో. వేళకి తిను. ఇవి ఎవరైనా చెబుతారు.

నేను చెప్పాల్సింది ఒకటే. నువ్వు చేసే గొంతు ఎంత తియ్యగా ఉందో తర్వాత చూద్దువు గానీ, మీట నొక్కిన ఎంతసేపటికి పలికిందో ముందు కొలువు.

ఈ ఉత్తరం ఎన్‌వీడీఏ పెట్టుకుని టైపు చేస్తున్నాను. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు మొదలుపెట్టి, తనలాంటివాడే అయిన జేమ్స్ టేతో కలిసి పెంచి, అందరికీ ఉచితంగా ఇచ్చిన స్క్రీన్ రీడర్ ఇది, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు ఉంటుంది. మీ పెద్దమ్మ ఆ గది ఛాయలకే రాదు. కానీ బాణం మీట తాకగానే పలుకుతుంది, ఇంకో మీట నొక్కితే టక్కున ఆగుతుంది. మామూలు మాటకి రెండింతల వేగంలో పెట్టినా గుడి గుడిలానే, గుడ్డి గుడ్డిలానే వినిపిస్తాయి. (గుడ్డి విషయంలో నాకేం పట్టింపు లేదులే.) తెలుగులో దీర్ఘమో ద్విత్వమో జారిపోతే అర్థమే మారిపోతుంది కదా. నెమ్మదిగా చదివిన రికార్డింగుల నుంచి కంప్యూటర్ తానే పలకడం నేర్చుకున్న న్యూరల్ గొంతుని ఆ వేగానికి లాగితే మొదట చెరిగిపోయేవి అవే.

ఇలా ఎందుకు పోరుతున్నానో చెబుతాను. న్యూరల్ నెట్‌వర్కుల గోల లేని రోజుల్లో, రికార్డు చేసిన ముక్కల్ని అతికించి పలికించే పద్ధతిలో ఒక సంస్థవాళ్లు తెలుగు గొంతు చేశారు. రేడియోలో వార్తలు చదివే ఆవిడలా ఉండేది. కళ్లున్న విద్యార్థుల్నే కూర్చోబెట్టి, గంతలు కట్టి, ఐదుకి ఎన్ని మార్కులేస్తారని అడిగారు. మార్కులు బాగానే పడ్డాయి. మా స్కూల్లో పెట్టి, మాతో ఫొటోలు దిగి వెళ్లారు.

నా శిష్యుడొకడు ఆ గొంతుతోనే ఉద్యోగానికి దరఖాస్తు నింపాడు. పుట్టిన సంవత్సరం దగ్గర జాబితాలో కింది బాణం నొక్కుకుంటూ పోతున్నాడు. గొంతేమో రెండు మీటలు వెనకబడి నడుస్తోంది. 1989 అని వినబడగానే తర్వాతి పెట్టెకి పోయే ట్యాబ్ మీట నొక్కాడు. అప్పటికి పెట్టెలో ఉన్నది 1991. పక్కనే కూర్చున్న నాకు వినబడిందీ 1989యే. సర్టిఫికెట్‌తో తేదీ కలవలేదని దరఖాస్తు తిరగ్గొట్టారు. వయసు దాటిపోయే ఏడు అది, మళ్లీ రాయడానికి లేదు.

ఆ సంస్థకి ఫోన్ చేస్తే ‘మా పరీక్షల్లో అలా రాలేదే’ అన్నారు. ఎలా వస్తుంది? గంతలు కట్టుకున్నవాడు బుద్ధిగా కూర్చుని వాక్యమంతా వింటాడు. మేం సగం పదం విని తర్వాతి దానికి దూకుతాం. బాణం మీట పట్టుకుని జాబితాలో పరుగెత్తించి చూద్దామని వాళ్లలో ఒక్కడికీ తట్టలేదు. ఆ తర్వాత కొత్త విండోస్ వచ్చింది, అందులో ఆ గొంతు ఎక్కలేదు. ప్రాజెక్టు ముగిసిందన్నారు, చేసిన కుర్రాళ్లు తలోదిక్కు వెళ్లిపోయారు. మళ్లీ గులకరాళ్లే గతి అయ్యాయి.

మొన్న నువ్వూ ‘గంతలు కట్టుకుని టెస్ట్ చేశాం పెదనాన్నా’ అని గొప్పగా చెప్పావు. ఇంట్లో నన్ను పెట్టుకుని నీకేం పొయ్యేకాలమే! చిన్నప్పుడు నాకు పేపరు చదివిపెట్టిన పిల్లవి. ‘సంక్షోభం’ దగ్గర నాలుక తిరక్క ఆ వాక్యమే ఎగరగొట్టేదానివి. నీ గొంతు తడబాటుని బట్టి పట్టేసేవాణ్ని. కానీ న్యూరల్ గొంతు తడబడదు. వాక్యంలో ఇప్పుడు ఏ ముక్క పలకాలో తామే చూసుకునే అటెన్షన్ పద్ధతి మోడళ్లు ఒక్కోసారి పదాన్ని మింగేస్తాయని, పలికిందే మళ్లీ పలుకుతాయని నువ్వే చెప్పావు. బ్యాంకు మెసేజ్‌లో ‘లక్షా’ మింగేసి ‘ఇరవై వేలు’ అని తేనెలొలికే గొంతుతో చెబితే మావాడు నమ్మేస్తాడు తల్లీ. అంకెలు, తేదీలు, ఓటీపీలు వేరే పెట్టి పరీక్షించు.

ఇక నువ్వు పంపిన స్లైడుల్లో జీపీయూ మీద, అదే ఒకేసారి బోలెడు లెక్కలు చేసే చిప్ మీద, వంద వాక్యాలు ఒకేసారి పలికించామని ఉంది. వంద వాక్యాలు ఒకేసారి ఎవరు వింటారమ్మా? 2016లో వచ్చిన వేవ్‌నెట్ అనే న్యూరల్ గొంతు సెకను మాటకి 16,000 శబ్దపు నమూనాలు ఒకదాని వెనక ఒకటి తయారుచేసుకుంటూ కూర్చునేది, మరుసటి ఏడే దాన్ని సమాంతరంగా నడిచేలా మార్చారు. మంచిదే. అయినా లెక్కల మాస్టారి బుద్ధి ఊరుకోదు. కంప్యూటర్ల ఇంజనీరు ఆమ్‌డాల్ 1967లో చెప్పిందే మళ్లీ చెబుతాను: పనిలో 5 శాతం వరుసగానే జరగాలంటే ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. నీ పనిలో ఆ వరుస ముక్క ఎక్కడుందో వెతుకు. అంకెల్ని మాటలు చేసే దగ్గరో, మోడల్‌ని మెమరీలోకి ఎక్కించే దగ్గరో ఉంటుంది. మొదటి శబ్దాన్ని ఆలస్యం చేసేది అదే. నీ సర్వరు మీద కాదు, నెట్ తీసేసి, నా పాత ల్యాప్‌టాప్ మీద కొలువు.

కోడ్ అందరికీ తెరిచి పెట్టు. నువ్వు అమెరికా వెళ్లిపోయినా ఇంకొకరు బాగుచేసుకుంటారు. వెళ్లవద్దని కాదు నేననేది.

ఆ శిష్యుడు ఇప్పుడు కాకినాడలో పిల్లలకి కంప్యూటర్ నేర్పుతున్నాడు. మొహమాటం లేని మనిషి. మొదటి కాపీ వాడికి పంపు, రెండోది నాకు. పరీక్షించినవాళ్లకి గంటకి ఇంతని డబ్బివ్వు, ఆటో ఖర్చులు కూడా కలిపి. సేవ అనుకోమని మాత్రం అనకు.

మీ పెదనాన్న