పాత కేసు ఉన్నవాడు ప్రొబేషన్ ఆఫీసరు కాగలడా?

ప్రశ్న: మా అబ్బాయి పదిహేడేళ్ల వయసులో స్నేహితులతో కలిసి ఒకరి మోటారు సైకిల్ ఎత్తుకుపోయాడు. బాల న్యాయ మండలి ముందుకు వెళ్లాం. మందలించి, కౌన్సెలింగ్‌కు పంపి, ఏడాదిపాటు ప్రొబేషన్ ఆఫీసరు కనిపెట్టి ఉండాలని చెప్పారు. ఆయన మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని మాట్లాడిన తీరుకే మావాడు మారిపోయాడు. ఇప్పుడు బీకాం చివరి సంవత్సరం. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినడు. తప్పు చేసిన పిల్లలతో, వాళ్ల కుటుంబాలతో పనిచేస్తానంటాడు. దానికి చదువు ఉందా? పాత కేసు అడ్డు వస్తుందా? ఆ పనితో ఇల్లు గడుస్తుందా? బండి వాళ్లకు మూడు రోజుల్లోనే దొరికింది లెండి.
– ఒక తల్లి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టనివ్వని సంగతి ముందు తేల్చేద్దాం. ఆ కేసు మీ అబ్బాయి ఉద్యోగానికి అడ్డు కాకూడదని చట్టమే చెబుతోంది. 2015 నాటి బాల న్యాయ చట్టంలో 24వ సెక్షన్ ప్రకారం, పిల్లలు నేరం చేసినట్టు తేలినా దానివల్ల వారికి ఏ అనర్హతా అంటదు. అప్పీలు గడువు తీరాక, కొంతకాలానికి ఆ రికార్డులను ధ్వంసం చేయాలని కూడా అందులోనే ఉంది. పదహారేళ్లు దాటినవారిని ఘోర నేరాల్లో పెద్దవారితో సమానంగా విచారించిన సందర్భాలకు మినహాయింపు ఉంది గానీ, బండి దొంగతనం అందులోకి రాదు. 74వ సెక్షన్ ప్రకారం, ముగిసిపోయిన అలాంటి కేసు వివరాలను ప్రవర్తన ధ్రువపత్రం కోసమని పోలీసులు బయటపెట్టకూడదు కూడా.

చట్టం చెప్పేది ఒకటి, ఉద్యోగ దరఖాస్తు ఫారం అడిగేది ఒకటి. ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా’ అనే గడి కనిపించినప్పుడు తోచినట్టు రాయవద్దు, అబద్ధమూ ఆడవద్దు. 15100కు ఫోను చేసి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా న్యాయవాదిని అడిగి, ఆయన చెప్పినట్టు నింపండి.

ఇక మీ ఉత్తరం గురించి. ఆఖరి వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. అబ్బాయి గురించి అన్ని మాటలు, బండి పోగొట్టుకున్నాయనకు ఒకే ఒక్క మాట. తల్లి మనసు అంతే, తప్పు పట్టను. కానీ మీవాడు వెళ్లాలనుకుంటున్న వృత్తి ఆ ఆఖరి వాక్యం దగ్గరే మొదలవుతుంది. ఆ మూడు రోజులూ ఆయన పనికి ఎలా వెళ్లారు? తర్వాత ఇంటి ముందు బండి నిలపడానికి భయపడ్డారా? మీ వీధిలో ఎదురుపడితే ఏమనుకుంటారు? వీటిని ఎవరైనా ఆయనను అడిగారా?

ఈ ప్రశ్నలు అడిగే పద్ధతినే పునరుద్ధరణ న్యాయం అంటారు. ఏ సెక్షన్ కింద ఎంత శిక్ష పడుతుందన్న లెక్కతో అది ఆగిపోదు. ఎవరికి ఏ నష్టం జరిగింది, దాన్ని ఎవరు ఎలా పూడ్చాలి అని ఆరా తీస్తుంది. ఆధునిక కాలంలో దీని మొదలు చెప్పమంటే చాలామంది 1974లో కెనడాలోని ఎల్మైరా అనే చిన్న ఊరి పేరు చెబుతారు. ఇద్దరు కుర్రాళ్లు తాగిన మత్తులో ఒక్క రాత్రిలో 22 మంది ఆస్తులు ధ్వంసం చేశారు. వీళ్లను బాధితుల ముందుకు తీసుకెళితే ఎలా ఉంటుందన్న ఆలోచన మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ ఆఫీసరుది. న్యాయమూర్తి సరేనన్నారు. కుర్రాళ్లు గడప గడపకూ వెళ్లి తలుపు తట్టారు, తిట్లు తిన్నారు, తర్వాత నష్టం కట్టి ఇచ్చారు. ఆ ఇద్దరిలో ఒకరు రస్ కెల్లీ. ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ కాలేజీలో చేరినప్పుడు, పునరుద్ధరణ న్యాయానికి నాందిగా అందరూ చెప్పుకునే కేసు తనదేనని ఆయనకు తెలిసింది. ఆ తర్వాత ఆయన ఆ రంగంలోనే స్వచ్ఛంద సేవకుడయ్యాడు. కాబట్టి మీవాడి కోరిక వింతదేమీ కాదు.

‘మన రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చేసేదీ ఇదే కదా’ అని మీకు అనిపించవచ్చు. నాతో ఆ మాట అన్నవారు చాలామంది. నేను ఒప్పుకోను. పంచాయితీలో నోరున్నవాడి మాట చెల్లుతుంది, డబ్బు లెక్క తేలితే వ్యవహారం ముగుస్తుంది, బాధపడ్డవారు ఊరి పరువు కోసం తలూపుతారు. పునరుద్ధరణ న్యాయంలో తప్పు చేసినవాడు ముందు తన తప్పు తానే ఒప్పుకోవాలి. బాధితులు తమంతట తాము రావాలి, వద్దనిపిస్తే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు. ఇద్దరితో విడివిడిగా ఎన్నోసార్లు మాట్లాడాకే ఎదురెదురుగా కూర్చోబెడతారు. దీని పేరు చెప్పి అత్యాచారం కేసుల్లో రాజీలు కుదర్చాలని చూసేవారూ ఉంటారు. అలాంటి కేసుల్లో రాజీ అన్న ఆలోచనకే తావు లేదని సుప్రీంకోర్టు 2015లో మదన్‌లాల్ కేసులో స్పష్టంగా చెప్పింది. మీవాడు మొదటి రోజు నుంచే ఈ గీత గుర్తుంచుకోవాలి.

చదువుకు వద్దాం. ‘పునరుద్ధరణ న్యాయం’ పేరుతో పట్టా కోసం వెతికి కాలం వృథా చేయవద్దు. అసలు ద్వారం ఎంఎస్‌డబ్ల్యూ, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, రెండేళ్ల కోర్సు. బీకాం వారూ చేరవచ్చు. ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఉంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో నేరశాస్త్రం, న్యాయం ప్రత్యేకాంశంగా సోషల్ వర్క్ చదివే వీలుంది. దానికి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ సంస్థే 1990లో మొదలుపెట్టిన ‘ప్రయాస్’ ఖైదీలతో, విడుదలైనవారితో, వారి కుటుంబాలతో పనిచేస్తోంది. వీలైతే మీవాడు అక్కడే చదవాలని నా కోరిక. ఇంటికి దూరమని మీరు బెంగపడతారు, తెలుసు.

పని ఎక్కడ దొరుకుతుంది? జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో కౌన్సెలరు, సోషల్ వర్కరు, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసరు పోస్టులుంటాయి. ఆ చివరిది కావాలంటే న్యాయశాస్త్రం అవసరం, లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయాలి. బాధితుల వైపు చూస్తే హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రాలు, అలాంటి మహిళలకు, పిల్లలకు అండగా హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లల వెంట కోర్టు దాకా నడిచే సహాయక వ్యక్తుల పని ఉన్నాయి. బాల న్యాయ మండలిలో మేజిస్ట్రేటు పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. పిల్లల రంగంలో ఏడేళ్ల అనుభవం వారికి ఒక అర్హత. మీరు ఆ రోజు ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారో, ఆ కుర్చీ అన్నమాట. మీవాడికి అది ఇంకా దూరమే.

డబ్బు సంగతి దాచను. ఈ జిల్లా విభాగాలను నడిపే కేంద్ర పథకం మిషన్ వాత్సల్య నిబంధనల్లో కౌన్సెలరుకు నెలకు 18,536 రూపాయలు, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసరుకు 27,804 రూపాయలు. అవి కాంట్రాక్టు కొలువులు. బ్యాంకు గుమస్తా జీతంతో పోల్చుకుంటే మీ గుండె జారుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి ఇలాంటి కొలువులో ఎనిమిది నెలలే ఉంది. జీతం కంటే, రోజూ విన్న కథలు రాత్రి ఇంటికి మోసుకెళ్లడమే ఆమెను ఓడించింది. ఇంటి బాధ్యత మొత్తం మీవాడి మీదే ఉంటే, గ్రూప్ పరీక్షలకూ పక్కన చదువుకోమనండి. జిల్లా ప్రొబేషన్ ఆఫీసరు పోస్టులు తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్‌లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లు వచ్చినప్పుడల్లా పోస్టుల జాబితా పూర్తిగా చదవమనండి.

ఒక్క మార్పు మాత్రం నాకు ఆశ కలిగిస్తోంది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను కూడా శిక్షల్లో చేర్చింది. అయిదు వేల రూపాయల లోపు సొత్తు తొలిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేసినవారికి ఆ శిక్షే. దగ్గరుండి నడిపించేవాళ్లు లేకపోతే అది ఆసుపత్రి వరండా ఊడ్పించడంతో సరిపోతుంది. ఆ నడిపించే మనుషులు ఇకపై కావలసి వస్తారు.

ఈ సెలవుల్లో ఒక పని చేయమనండి. ఆ ప్రొబేషన్ ఆఫీసరును కలిసి, బండి యజమానికి ఇష్టమైతే ఒకసారి మాట్లాడాలని ఉందని చెప్పమనండి. సొంతంగా వెళ్లి తలుపు తట్టవద్దు, మీరు పళ్లు, స్వీటు డబ్బా పట్టుకుని అసలే వెళ్లవద్దు. అడగడం ఆఫీసరు పని, కుదరదంటే కుదరదు. ఆ పెద్దమనిషి వద్దంటే అంతటితో వదిలేయాలి. ఎంఎస్‌డబ్ల్యూ దరఖాస్తు గడువు మాత్రం వదలవద్దు.