చదివితే అర్థమయ్యే ఫిన్నిష్, వింటే ఎందుకు అందదు?

ప్రశ్న: మా వారు ఉద్యోగరీత్యా ఫిన్లాండ్‌లోని తంపెరె నగరంలో ఉంటున్నారు. వీసా పనులు పూర్తయ్యాక నేనూ వెళ్ళవలసి ఉంది. ఏడాదికి పైగా ఇంటి దగ్గరే, ఫోన్‌లో ఒక యాప్‌తోనూ ఒక వ్యాకరణ పుస్తకంతోనూ ఫిన్నిష్ నేర్చుకుంటున్నాను. చిన్న చిన్న వార్తలు నిఘంటువు సాయంతో చదవగలుగుతున్నాను. కానీ వీడియో కాల్‌లో మా వారి పొరుగింటావిడ పలకరిస్తే ఒక్క ముక్క కూడా పట్టుకోలేకపోతున్నాను. తెలిసిన జవాబు సైతం నోటికి రావడం లేదు. గుంటూరులో ఈ భాష నేర్పేవారు నాకెవరూ దొరకలేదు. సొంతంగా నేర్చుకునేవారు వినడం, మాట్లాడడం ఎలా మెరుగుపరచుకోవాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీరు ఏడాదిగా నేర్చుకున్నది కిర్యకియెలి, అంటే రాత భాష. ఆ పొరుగింటావిడ మాట్లాడినది పుహెకియెలి, అంటే వాడుక భాష. గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమానికి ముందు మన పాఠ్యపుస్తకాల తెలుగుకూ, అరుగుల మీది తెలుగుకూ ఎంత దూరం ఉండేదో ఒకసారి తలచుకుంటే మీ ఇబ్బంది మీకే అర్థమవుతుంది. గ్రాంథికం మాత్రమే చదువుకుని తెనాలి బస్సెక్కిన పరదేశికి కండక్టరు మాట ఎంత అందుతుందో, ఇప్పుడు మీకు ఆవిడ మాట అంతే అందుతోంది.

ఒక్క వాక్యం తీసుకుందాం. ఇక్కడ ఫిన్నిష్ మాటలను తెలుగు లిపిలో రాస్తున్నాను కనుక, ‘మ్యా’, ‘న్యా’ వంటి చోట్ల యకారం పలకకుండా, ‘వచ్చాడు’ అనే మాటను మనం వాడుకలో పలికేటప్పుడు నడుమ వచ్చే స్వరాన్ని కాస్త కురచ చేసి పలకండి. ‘నేను కొట్టుకు వెళ్తున్నాను, నువ్వూ వస్తావా?’ అనడానికి పుస్తకం చెప్పేది ‘మిన్యా ఒలెన్ మెనొస్స కౌప్పాన్, తులెత్కొ సిన్యా ముకాన్?’ అని. ఆవిడ నోట అదే వాక్యం ‘మ్యా ఓన్ మెనొస్స కౌప్పాన్, తూక్స్యా ముకాన్?’ అయిపోతుంది. ‘మిన్యా ఒలెన్’ రెండు పొట్టి మాటలుగా తగ్గింది. ‘తులెత్కొ సిన్యా’ ఏకంగా ఒక్క మాటలో కలిసిపోయింది. తంపెరె వారు ఆ ‘మ్యా’ను మరికొంత సాగదీస్తారు కూడా. ‘అతను, ఆమె’ అనే అర్థంలో పుస్తకం నేర్పే ‘హ్యాన్’కు బదులు వాడుకలో మనుషులను సైతం ‘సె’ అంటారు, అంటే ‘అది’ అని. దాన్ని అమర్యాదగా భావించనక్కరలేదు. ‘మేము వెళ్తాం’ అనడానికి పుస్తకంలోని క్రియారూపం పక్కకు పోయి, ‘మె మెన్న్యాన్’ అనే కర్మణి రూపం వచ్చి కూర్చుంటుంది. అంకెల్లో ‘యుక్సి, కక్సి’ల చివరి ఇకారం రాలిపోతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇలా మారే మాటలు అనంతంగా లేవు, తరచుగా వినబడేవి కొన్ని డజన్లు మాత్రమే. రోజుకు రెండు మూడు చొప్పున ఒక నోటుపుస్తకంలో రాత రూపం పక్కన వాడుక రూపం రాసుకుంటే, నెల తిరిగేసరికి పొరుగింటావిడ మాటల్లో తెలిసినవి తగలడం మొదలవుతుంది.

ఇక వినే పద్ధతి. వంట చేస్తూ గంటలకొద్దీ ఫిన్నిష్ రేడియో పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. నాకు దానిపై పెద్దగా నమ్మకం లేదు. ఆ భాష లయ చెవికి అలవాటు కావచ్చుగానీ, అర్థం కాని ధ్వని ఎంతసేపు విన్నా ధ్వనిగానే మిగులుతుంది. అంతకంటే, అర నిమిషం ముక్కను పట్టుకుని దాని పని పూర్తయ్యేదాకా వదలకపోవడం మేలు. ఫిన్లాండ్ ప్రజా ప్రసార సంస్థ యులె, భాష నేర్చుకునేవారి కోసం సెల్కొసుఒమి అనే సులభ ఫిన్నిష్‌లో వార్తలు చదువుతుంది. నిదానంగా, చిన్న వాక్యాలతో సాగే ఆ వార్తల పాఠాన్ని కూడా తన వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. మీరు మొదలుపెట్టవలసినది అక్కడే. ముందు పాఠం చూడకుండా రెండు మూడుసార్లు వినండి. తరువాత ఒక్కొక్క వాక్యం దగ్గర ఆపుతూ, వినబడినది వినబడినట్టు కాగితం మీద పెట్టండి. అప్పుడు పాఠంతో పోల్చి చూడండి. మీ తప్పుల్లో రెండు రకాలు కనిపిస్తాయి: అసలు తెలియని మాటలు, తెలిసి ఉండీ చెవికి చిక్కని మాటలు. మొదటి రకానికి నిఘంటువు ఉంది. మీ అసలు సమస్య రెండో రకంలో ఉంది కనుక, వాటికి ఎర్రసిరాతో గీత పెట్టి, ఆ వాక్యాన్నే మరునాడు కూడా వినండి.

ఎర్రగీతలు పడిన చోట్లను పరిశీలిస్తే చాలావరకు మాట చివరల్లోనే ఉంటాయి. దానికి కారణం ఉంది. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవే కనుక, ఇంగ్లీషువారు నెలల తరబడి కుస్తీ పట్టే ‘తులి, తూలి, తుల్లి’ల తేడా మీకు తొలిరోజే తెలిసి ఉంటుంది, వాటికి వరుసగా నిప్పు, గాలి, సుంకం అని అర్థాలు. అయితే మన వాడుకలో మాట చివర దీర్ఘం వినబడితే అది సాధారణంగా పిలుపో ప్రశ్నో అయి ఉంటుంది: ‘అమ్మా’, ‘వచ్చాడా’. ఫిన్నిష్‌లో ఆ చివరి దీర్ఘం వ్యాకరణాన్నే మోస్తుంది. ‘పుహు’ అంటే మాట్లాడు, ‘పుహూ’ అంటే మాట్లాడుతున్నాడు. ‘సత’ అంటే వంద, ‘సతా’ అంటే వాన పడుతోంది. నడుమ దీర్ఘమూ అంతే: ‘తపాన్ సినుత్’ అంటే నిన్ను కలుస్తాను, దీర్ఘం మింగేసి ‘తపన్ సినుత్’ అన్నారా, నిన్ను చంపుతాను అన్నట్టే. పైగా రాతలో కనిపించని ద్విత్వాలు కూడా ఉన్నాయి. ‘ఇటు రా’ అనడానికి ‘తులె త్యాన్నె’ అని రాస్తారు, ‘తులెత్త్యాన్నె’ అని పలుకుతారు. స్వాగతం చెప్పే ‘తెర్వెతులొఅ’ నోట్లో ‘తెర్వెత్తులొఅ’ అవుతుంది. మన సంధుల మధ్య పెరిగిన చెవికి ఇది ఒక్కసారి ఎత్తిచూపితే చాలు.

మాట్లాడడం విషయానికి వస్తే, విన్న ముక్కనే నోటికి పని కల్పించడానికి వాడుకోండి. పాఠం ముందు పెట్టుకుని, చదివేవారి గొంతు వెంటనే, వారి వేగంతోనే బయటికి చదవండి. ఫోన్‌లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. బడి ఇంగ్లీషు అలవాటుతో తకారాన్ని టకారం చేయకండి, వారిది మన ‘త’కు చాలా దగ్గర. ‘బ్రహ్మ’ను ‘బ్రమ్మ’ అన్నట్టు లహ్తి నగరం పేరులోని హకారాన్ని మింగేయకండి. మనకు బొత్తిగా లేని స్వరాలు రెండు: నాలుకను ‘ఇ’ దగ్గర ఉంచి పెదవులను ‘ఉ’కు చుట్టినప్పుడు వచ్చేది ఒకటి, నాలుకను ‘ఎ’ దగ్గర ఉంచి పెదవులను ‘ఒ’కు చుట్టినప్పుడు వచ్చేది రెండోది. ‘రాత్రి’ అనే అర్థం గల ఫిన్నిష్ మాటలో హల్లే లేదు, వరుసగా ఈ రెండు స్వరాలే ఉంటాయి. అద్దం ముందు దానితో సాధన చేయండి. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

అయితే అద్దంతో ఎంత మాట్లాడినా మనిషితో మాట్లాడినట్టు కాదు. మీకు పొరుగింటావిడ దొరికారు, అది చిన్న అదృష్టం కాదు. వీడియో కాల్‌కు ముందు వారం వారం ఆవిడతో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు నడపండి. వాటిని పదిసార్లు వినవచ్చు, జవాబును నాలుగుసార్లు చెప్పి చూసుకుని బాగున్నదే పంపవచ్చు, పైగా ఆవిడ మాట్లాడేది అచ్చమైన తంపెరె వాడుక. మాట్లాడే విషయం మీకు బాగా తెలిసినదై ఉండాలి. గుంటూరు ఎండల గురించి, మిర్చి యార్డు గురించి చెప్పండి. ‘త్యాల్ల్యా ఒన్ కూమ’, ఇక్కడ వేడిగా ఉంది, అని మొదలుపెడితే అటువైపు నుంచి ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ముఖాముఖి కాల్‌కు అక్కడి సాయంత్రం ఆరు అనుకూలమనుకుంటే, మనకు వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 9:30 అవుతుంది. మీరు తడబడగానే ఆవిడ మర్యాద కొద్దీ ఇంగ్లీషులోకి మారవచ్చు. అప్పుడు ‘వొయిదాన్కొ పుహుఅ సుఒమెఅ?’, ఫిన్నిష్‌లోనే మాట్లాడుకుందామా, అని అడగండి. మీరు చెబుతుండగా ఆవిడ ఊపిరి లోపలికి పీలుస్తూ ‘యో’ అంటే ఉలిక్కిపడవద్దు, అది మన ‘ఊఁ’ వంటిదే. మాటకూ మాటకూ మధ్య మౌనం వచ్చినా కంగారుపడి నింపనక్కరలేదు. అక్కడ అది ఎబ్బెట్టు కాదు, మీకు వాక్యం కూర్చుకోవడానికి సమయం కూడా.

తంపెరె చేరాక భాషా కేఫ్‌ల గురించి దగ్గరి గ్రంథాలయంలో అడగండి. కొత్తగా వచ్చినవారు కూర్చుని ఫిన్నిష్‌లో కబుర్లాడుకునే ఆ సమావేశాలను అక్కడి గ్రంథాలయాలు చాలాచోట్ల ఉచితంగా నడుపుతాయి.

ప్రశ్న: ఫిన్నిష్ పాఠాలన్నీ తెలుగు లిపిలో రాసుకుని బట్టీపడుతున్నాను. ఇది మంచిదేనా? ఫిన్లాండ్ జాతీయ భాషా పరీక్ష యుకిలో మాట్లాడే భాగం అంటే భయంగా ఉంది, ఎలా సిద్ధం కావాలి?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

సమాధానం: దీర్ఘాలను, ద్విత్వాలను చూపడంలో మన లిపి చక్కగా పనిచేస్తుంది కనుక తొలి కొద్ది వారాలకు అభ్యంతరం లేదు. ఆపైన మానేయండి. పైన చెప్పిన రెండు స్వరాలకు మనకు అక్షరాలు లేవు, ఉన్నవాటితో సరిపెట్టుకుంటే ఆ తప్పుడు ఉచ్చారణే నోట్లో స్థిరపడుతుంది. ఫిన్నిష్ వర్ణక్రమంలో దాదాపు ఒక అక్షరానికి ఒకే ధ్వని కనుక అసలు రాతను నేర్చుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు.

యుకిలో పౌరసత్వానికి సాధారణంగా అడిగేది మూడో స్థాయి, అంటే ఐరోపా కొలమానంలో బి1. ఆ స్థాయిని కొలిచే మధ్యమ పరీక్షలో మాట్లాడే భాగానికి ఎదుట మనిషి ఉండరు. హెడ్‌ఫోన్స్‌లో ప్రశ్న వినబడుతుంది, ఇచ్చిన సమయంలో మైకులోకి జవాబు చెప్పాలి, అది రికార్డవుతుంది. చాలామంది అక్కడ తడబడేది భాష రాక కాదు, యంత్రంతో మాట్లాడే అలవాటు లేక. కాబట్టి ఇంట్లో ఫోన్ టైమర్ పెట్టుకుని, ఒక ప్రశ్నకు ముందుగా రాసుకోకుండా జవాబు రికార్డు చేయండి. మధ్యలో తప్పు దొర్లినా ఆపి మళ్ళీ మొదలుపెట్టకుండా, అక్కడికక్కడే సరిదిద్దుకుని ముందుకు వెళ్ళండి. పరీక్షలో రెండోసారి చెప్పే అవకాశం ఉండదు.