రిమోట్ కారు మోటారు రొదను అణచడం గురించి మనవడికి

చిరంజీవికి తాతయ్య ఆశీస్సులు.

నీవు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. కారు చేతికి దగ్గరగా ఉన్నంతసేపు చెప్పినట్లు వింటుందని, పది అడుగులు దాటగానే ముందు చక్రాలు వణుకుతూ తనంతట తానే పక్కకు తిరుగుతుందని, రిమోట్‌లో కొత్త సెల్స్ వేసినా మార్పు లేదని రాశావు. నాకు అనుమానం మోటారు మీదే. అయినా టంకం కడ్డీ పట్టుకునే ముందు ఆ అనుమానాన్ని రుజువు చేసుకోవాలి.

మోటారు తీగలలో ఒకదానిని విప్పి, కొసకు టేపు చుట్టి, కారును నేల మీద పెట్టు. రిమోట్ పట్టుకుని వెనక్కు నడుస్తూ స్టీరింగ్ ఎన్ని అడుగుల దాకా పలుకుతుందో లెక్కపెట్టు. తరువాత ఆ తీగను మళ్లీ కలిపి, వెనుక చక్రాలు గాలిలో తిరిగేలా కారును ఒక డబ్బా మీద నిలబెట్టి, మోటారు నడుస్తుండగా అదే దూరాన్ని మళ్లీ కొలువు. మొదటిసారి ముప్పై అడుగులు పలికి, రెండవసారి పదికే ఆగిపోతే దోషం మోటారుదే. రెండుసార్లూ పది అడుగులే వస్తే లోపం ఏరియల్‌లోనో, రిమోట్‌లోనో ఉన్నట్లు. అప్పుడు మోటారు జోలికి పోనవసరం లేదు.

మన వంటింట్లో మిక్సీ తిరిగినప్పుడు పక్కనున్న రేడియో బర్రుమనడం నీకు తెలిసినదే. ఈ చిన్న మోటారులో జరిగేదీ అదే. లోపల తిరిగే తీగ చుట్టలకు కరెంటును అందించే బ్రష్‌లు, ఇరుసుతో పాటు తిరిగే కమ్యుటేటర్ అనే రాగి ముక్కల వలయం మీది ఒక ముక్క నుంచి మరొక ముక్క మీదకు జారే ప్రతిసారీ, చుట్టలో పారుతున్న కరెంటు ఒక్కసారిగా తెగుతుంది. అలా తెగడానికి ఒప్పుకోని చుట్ట ఎక్కువ వోల్టేజిని పుట్టించి నిప్పురవ్వగా విడిచిపెడుతుంది. ఆ రవ్వలో ఒక ఫ్రీక్వెన్సీ అని కాక ఎన్నో ఫ్రీక్వెన్సీలు కలగలిసి ఉంటాయి, వాటిని మోటారు తీగలే ఏరియల్‌లా గాలిలోకి వెదజల్లుతాయి. నీ కారు 27 మెగాహెర్ట్జ్‌ది. అలాంటి చవక కార్లలోని రిసీవర్ చాలా సాదాది. దూరం నుంచి బలహీనంగా వచ్చే రిమోట్ మాటనూ, రెండు అంగుళాల పక్కనే పుట్టే ఈ రొదనూ వేరుచేసే శక్తి దానికి తక్కువ.

కాబట్టి రొదను పుట్టినచోటే అణచాలి. దానికి మూడు సెరామిక్ కెపాసిటర్లు చాలు; వేగంగా మారే రొదకు ఇవి దగ్గరి దారి చూపి, దాన్ని తీగల్లోకి పోనివ్వవు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి 50 వోల్టుల 104 ఒకటి, 473 రెండు అడిగితే ఇస్తారు. 104 అంటే 0.1 మైక్రోఫారడ్, 473 అంటే 0.047 మైక్రోఫారడ్. 104ను మోటారుకు తీగలు అతికే రెండు కొసల మధ్య, 473లలో ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క కొస నుంచి మోటారు ఇనుప డబ్బాకు అతికించు. డబ్బాకు అతికించే రెండింటినీ చాలామంది వదిలేస్తారు, కానీ రెండు తీగల మీద ఒకేసారి ఒకే దిశలో వచ్చే రొదను మధ్య కెపాసిటర్ ఆపలేదు. దానిని తిరిగి డబ్బాకు చేర్చేవి ఈ రెండే.

నా తొలి ప్రయత్నంలో కెపాసిటర్లను మోటారు వద్ద కాకుండా తీగలకు ఆవలి కొసన, కారులోని సర్క్యూట్ బోర్డు మీద అతికించాను. రొద ఏమాత్రం తగ్గలేదు, ఎందుకంటే అది బోర్డు దాకా చేరేలోపే దారి పొడవునా తీగల నుంచి గాలిలో కలిసిపోయింది. కెపాసిటర్ కాళ్లను కూడా మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించకుండా కత్తిరించు. పొడవైన కాలు ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర అడ్డుగోడ అవుతుంది.

డబ్బాకు టంకం పట్టించడమే కష్టమైన పని. ఆ చోటును ఆకురాయితో మెరిసేదాకా గీకి, టంకం బాగా పట్టేలా చేసే ఫ్లక్స్ రాసి, 60 వాట్ల కడ్డీతో రెండు మూడు సెకన్లలో ముందుగా ఒక టంకపు బొట్టు పెట్టు. చిన్న కడ్డీని చాలాసేపు ఆనించి ఉంచితే వేడంతా డబ్బాలోకి పాకి, వెనుకనున్న ప్లాస్టిక్ మూత కరుగుతుంది, లోపలి అయస్కాంతాల బలమూ తగ్గవచ్చు. మోటారును చల్లారనిచ్చి, ఆ తరువాతే కెపాసిటర్ కాలును అతికించు. పని ముగిశాక మల్టీమీటర్‌తో ఒక్కొక్క కొసకూ డబ్బాకూ మధ్య చూడు. అక్కడ కనెక్షన్ చూపకూడదు.

ప్లస్ మైనస్ కాళ్లు వేరువేరుగా ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను మోటారు మీద ఎప్పుడూ పెట్టకు. కారు వెనక్కు నడిచినప్పుడు ప్లస్ మైనస్‌లు తారుమారై అది పగిలిపోవచ్చు. అదే కారణాన, కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే డయోడ్ కూడా వద్దు. పెద్ద విలువ వేస్తే ఇంకా మంచిదనే ఆలోచన కూడా మానుకో, వేగాన్ని పల్స్‌లతో నియంత్రించే బోర్డులలో ఆ అదనపు భారం మోటారు కరెంటును ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లను వేడెక్కిస్తుంది.

మోటారు తీగలు రెండింటినీ పొట్టిగా ఉంచి, జడలా మెలివేసి, రిసీవర్‌కు దూరంగా నడిపించు. ఏరియల్ తీగను మోటారుకు ఎదురు మూల నుంచి పైకి నిలబెట్టు. అందంగా ఉంటుందని దాన్ని కత్తిరించవద్దు, చుట్టచుట్టి లోపల దాచవద్దు. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. ఇంత పొట్టి తీగ దాన్ని అందుకోగలిగేది, బోర్డు మీది చుట్టను ఆ పొడవుకే సరిపోయేలా అమర్చినందువల్ల.

ఇంత చేసినా దూరం పెరగకపోతే బ్రష్‌లు అరిగి ఉండవచ్చు. ఇలాంటి బొమ్మ కార్లలో వాడే 130 సైజు చిన్న మోటారు చవకైనదే, కొత్తది వేయి. ఇరుసు దగ్గర ఒక చుక్క నూనె వేయవచ్చు గాని కమ్యుటేటర్‌కు తగలనివ్వకు.

మీ స్నేహితుని 2.4 గిగాహెర్ట్జ్ కారు కూడా ఆగి ఆగి నడుస్తోందని రాశావు. అంత పై ఫ్రీక్వెన్సీ దగ్గర రవ్వల రొద బాగా తగ్గిపోతుంది. మోటారు బయలుదేరే క్షణాన ఎక్కువ కరెంటు లాగి, బ్యాటరీ వోల్టేజి పడిపోయి, రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుండవచ్చు. అతణ్ణి ముందు బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి చూడమను. అప్పటికీ తగ్గకపోతే రిసీవర్‌కు కరెంటు అందే చోట 470 మైక్రోఫారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్‌ను ప్లస్ మైనస్ సరిచూసి పెట్టమను. ఇక్కడ దిశ మారదు కనుక భయం లేదు.

కెపాసిటర్లు పెట్టకముందు ఎన్ని అడుగులో, పెట్టాక ఎన్ని అడుగులో రెండూ రాసి పంపు. నీ టంకం అతుకుల ఫోటో కూడా పంపితే చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య