కడుపుకి పడనిది ఏదో ఎలా తెలుసుకున్నాను: భీమవరం చెల్లెమ్మకి జవాబు

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిది నెలలుగా ఏది తిన్నా కడుపు డప్పులా ఉబ్బిపోవడం, రోజుకి మూడు నాలుగుసార్లు విరేచనాలు, ఎండోస్కోపీ చేస్తే నార్మల్, డాక్టరుగారు ఐబీఎస్ అన్నారు, అంటే పరీక్షల్లో పేగుకి జబ్బేమీ కనిపించకపోయినా నొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడా ఉండిపోయే సమస్య. ఇక మీరు పాలు, గోధుమ, పప్పు, చేప, గుడ్డు, చివరికి వంకాయ కూడా వరసపెట్టి మానేసి ఇప్పుడు మజ్జిగన్నం మీద ఉన్నారు, ఐదు కిలోలు తగ్గారు, అయినా ఉబ్బరం పూర్తిగా పోలేదు. రెండు వందల రకాల ఆహారాలకి ఒకేసారి రక్తపరీక్ష చేస్తామని ఎవరో అన్నారు, చేయించుకోనా అని అడిగారు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇదే బాధ నేను రెండున్నరేళ్లు పడ్డాను, అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు బరువు సంగతి. ఐబీఎస్ ఒక్కటే ఉంటే మామూలుగా బరువు తగ్గరు. తిండి మానేసినందువల్లే మీరు తగ్గి ఉండొచ్చు, నేనూ అలాగే ఆరు కిలోలు తగ్గాను, కానీ ఆ మాట తేల్చాల్సింది డాక్టరుగారు. బరువు తగ్గినట్టు ఆయనకి చెప్పానని మీరు ఎక్కడా రాయలేదు, ఈ వారంలోనే వెళ్లి చెప్పండి. విరేచనంలో రక్తం కనిపించినా, నల్లగా తారులా వచ్చినా, రాత్రి నిద్రలోంచి లేచి మరీ వెళ్లాల్సి వస్తున్నా, జ్వరం తగులుతున్నా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా అవన్నీ మొహమాటపడకుండా చెప్పండి. నోట్లోంచి వేసే ఎండోస్కోపీ అన్నాశయం, చిన్నపేగు మొదటి భాగం వరకే చూస్తుంది, పెద్దపేగు దానికి కనిపించదు. నాకు అప్పట్లో రక్తహీనతకి, థైరాయిడ్‌కి, గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉందేమో చూసే టీటీజీకి రక్తపరీక్షలు చేశారు, మలపరీక్షలో పరాన్నజీవుల కోసం ఒకటి, పేగులో వాపు ఉందేమో చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ ఒకటి చూశారు. మీకు ఇవి అయ్యాయో లేదో అడగండి.

ఆ రెండు వందల రకాల పరీక్షకి మాత్రం డబ్బు పెట్టకండి. అందులో చూసేది ఐజీజీ అనే యాంటీబాడీని. తరచూ తినేవాటికి ఒంట్లో ఐజీజీ తయారవడం మామూలే, ఆ తిండి మనం తింటున్నామని అది చెబుతుంది, పడటం లేదని చెప్పదు. అమెరికాలో, యూరప్‌లో అలర్జీ వైద్యుల సంఘాలు కూడా ఆహారం పడకపోవడాన్ని తేల్చడానికి దీన్ని వాడొద్దనే చెప్పాయి. మా ఆడపడుచు చేయించుకుంది. బియ్యం, పెరుగు, చింతపండు ఎర్రగీతల్లో వచ్చాయి, అంటే ఆమె చిన్నప్పటి నుంచి రోజూ తినేవి. ఆ కాగితం పట్టుకుని పిల్ల రెండు నెలలు అన్నం మానేసి నీరసించిపోయింది, నాకు ఇప్పటికీ బాధే.

ఇక నా సంగతి. 2017 వేసవిలో, కాలువలు కట్టేసి చెరువు నీళ్లే తాగే రోజుల్లో, మా ఇంట్లో అందరికీ విరేచనాలు పట్టుకున్నాయి. మిగతావాళ్లు నాలుగు రోజుల్లో లేచి తిరిగారు, నాకు రెండు వారాలు పట్టింది, ఆ తర్వాత కడుపు మునుపటిలా అవ్వలేదు. ఇలా ఇన్‌ఫెక్షన్ తర్వాత ఐబీఎస్ మిగిలిపోవడం చాలామందికి జరుగుతుందని తర్వాత తెలిసింది. ఊళ్లో ఒక డాక్టరు ఏడాది పాటు గ్యాస్ మాత్రలే రాశారు, నేనూ అడక్కుండా మింగాను. పొద్దున్నే పాఠశాలకి బస్సు ఎక్కాలంటే టెన్షన్, దారిలో బాత్రూం ఎక్కడుందా అనే ధ్యాసే. చివరికి కాకినాడలో పేగుల డాక్టరుగారి దగ్గరికి వెళితే ఆయన పరీక్షలన్నీ చేసి, ఒక డైటీషియన్ దగ్గరికి పంపారు. నన్ను నిలబెట్టింది ఆవిడే.

ఆవిడ మొదట ఏమీ మాన్పించలేదు. ఒక నోటుపుస్తకంలో రెండు వారాల పాటు తిన్నది, టైము, ఎంత తిన్నది, తర్వాత ఏమైంది రాయమన్నారు. మూడో రోజు నేను రాసింది ఇదీ: ఏడింటికి ఇడ్లీ మూడు, కొబ్బరి చట్నీ. ఒంటిగంటకి అన్నం, ముద్దపప్పు నాలుగు గరిటెలు, ఆవకాయ, పెరుగులో పచ్చి ఉల్లిపాయ. నాలుగున్నరకి కాఫీ. ఐదున్నరకి ఉబ్బరం, నొప్పి. దాని కింద నేనే ‘కాఫీ పడట్లేదు’ అని రాసి గీత గీశాను. ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టి, ‘ఇది కాఫీ పని కాకపోవచ్చండి, మధ్యాహ్నం తిన్నది ఇప్పుడు పెద్దపేగుకి చేరింది’ అన్నారు. చెల్లెమ్మా, మీరు కూడా ఉబ్బరం వచ్చినప్పుడల్లా ఆఖరున తిన్నదాన్నే అనుమానించి మానేస్తూ వచ్చారని నాకు గట్టి అనుమానం. పేగులో పులిసే పదార్థాల ప్రభావం తెలియడానికి నాలుగైదు గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి మర్నాడు గాని తెలియదు.

ఆ పులిసే పదార్థాలకి ఫాడ్‌మ్యాప్‌లు అని పేరు, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేసిన పద్ధతి ఇది. కొన్ని రకాల చక్కెరలు, పిండిపదార్థాలు చిన్నపేగులో సరిగా ఇంకవు. అవి నీటిని లాక్కుంటూ కిందికి పోతాయి, పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఇది అందరి కడుపులోనూ జరిగేదే. ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగుకి ఆ సాగుడు నొప్పిగా తెలుస్తుంది, అంతే తేడా. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు, పప్పుల్లో ఇంకో రకం, పాలలో లాక్టోజు, మామిడిపండులో ఎక్కువైన ఫ్రక్టోజు. వీటన్నిటినీ రెండు నుంచి ఆరు వారాలు బాగా తగ్గించి, కుదుటపడ్డాక ఒక్కొక్కటే తెచ్చి చూడాలి, చూసి పడేవన్నీ మళ్లీ తినాలి. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఆగిపోతే మంచి బ్యాక్టీరియాకి మేత ఉండదు, ఒంటికి కాల్షియం, పీచు తగ్గిపోతాయి, బరువు పడిపోతుంది. మీరు ఇప్పుడు ఉన్నది సరిగ్గా అక్కడే.

నాకు పెద్ద బెంగ ఉల్లిపాయ లేకుండా ఇంట్లో వంట ఎలా చేయించుకోవడం అని. అప్పుడు 2019 అక్టోబరు, ఇంకో వారంలో కార్తీకమాసం. ఆ నెల మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి, నీచు ఎలాగూ ఉండవు! మా అత్తయ్యకి అవి లేకుండా ముప్ఫై రోజులు రోజుకో కూర చేయడం చేతిలో పని. నేను దానికి తోడు పాలు, గోధుమ ఆపి, ముద్దపప్పు బదులు పల్చని పెసరకట్టు రెండు గరిటెలతో సరిపెట్టుకుని, వంకాయ, బంగాళాదుంప, క్యారెట్, టమాటా, పాలకూర కూరలతో అన్నం కడుపునిండా తిన్నాను. మూడో వారానికి చీర కుచ్చిళ్లు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. అది ఎంత పెద్ద సంగతో మీకు నేను చెప్పక్కర్లేదు.

కార్తీకం అయిపోయాక మా అత్తయ్య, ‘చూశావా, నెల రోజులు చేప ముట్టలేదు, అందుకే తగ్గింది, చేప నీకు వాతం’ అన్నారు. నిజమే అనిపించింది కూడా, మీలాగే నేనూ చేపనే అనుమానించాను. డైటీషియన్ ఒప్పుకోలేదు, విడదీసి చూడమన్నారు. మొదటి ఆదివారం బొచ్చె చేప ముక్కలకి ఉప్పు, పసుపు, కారం పట్టించి పెనం మీద వేయించుకు తిన్నాను, ఏమీ కాలేదు. రెండో ఆదివారం చింతపండు, మెంతులు, పచ్చిమిర్చి, కరివేపాకుతో ఉల్లి లేకుండా పులుసు, అప్పుడూ ఏమీ కాలేదు. మూడో ఆదివారం మామూలుగా మా ఇంట్లో చేసే పులుసు, ఉల్లి ముద్ద నూరి వేయించి చేసేది. సాయంత్రం ఐదింటికల్లా కుచ్చిళ్లు వదులు చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత బంగాళాదుంప వేపుడులో ఉల్లి మాత్రం వేసుకుని చూశాను, అదే వరస. చేపలో అసలు ఫాడ్‌మ్యాప్‌లే లేవు. గుడ్డులోనూ లేవు. ఎవరి కడుపుకి ఏది కష్టమో విడిగా చూడాల్సిందే, కానీ మీరు ఎనిమిది నెలలుగా వదిలేసిన చేప, గుడ్డు, వంకాయల మీద నేరం మోపడానికి నాకు పెద్ద కారణం కనిపించలేదు, వీటితోనే మొదలుపెట్టండి, ముందు మీకు కాస్త బలం వస్తుంది.

పులుసు విషయంలో ఒక కిటుకు. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకని పులుసులో ఉల్లి ఉడికించి ముక్కలు తీసేసినా లాభం లేదు, అప్పటికే దిగిపోయి ఉంటుంది. కానీ వెల్లుల్లి రెబ్బలు కాస్త చితక్కొట్టి నూనెలో వేయించి, ఇంకేమీ వేయకముందే తీసేస్తే నూనెకి వాసన పడుతుంది, కడుపుకి ఇబ్బంది ఉండదు. ఉల్లికాడల్లో పచ్చటి ఆకు వరకు వాడుకోవచ్చు, తెల్ల భాగం వద్దు. ఇంగువ బాగా పనికొస్తుంది, కాకపోతే మనం కొనే ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు, చిటికెడు వాడితే ఐబీఎస్‌కి ఫర్వాలేదు, సీలియాక్ ఉంటే మాత్రం పిండి కలపనిది వెతుక్కోవాలి.

ఒక్కొక్కటి తెచ్చే పద్ధతి చెబుతాను. మూడు రోజులు ఒకే ఒక్క పదార్థం, మొదటి రోజు కొంచెం, రెండో రోజు కాస్త ఎక్కువ, మూడో రోజు మామూలుగా తినేంత, మిగతా తిండి అంతా మార్చకుండా. తర్వాత రెండు మూడు రోజులు దాన్ని ఆపి, ఇంకోటి. మధ్యలో పెళ్లి భోజనాలు పెట్టుకోకండి, నెలసరి రోజుల్లో చూడకండి, ఆ రోజుల్లో పేగు ఎలాగూ వేరుగా ఉంటుంది.

నాకు తేలినవి ఇవి, మీకు వేరుగా ఉండొచ్చు. పాలు: రాత్రి గ్లాసుడు తాగితే గంటలో గుడగుడలు, కాఫీలో పోసుకునేంత అయితే ఏమీ లేదు, పెరుగు నిక్షేపంగా పడుతుంది. లాక్టోజును జీర్ణం చేసే లాక్టేజ్ ఎంజైము పెద్దయ్యాక మనలో చాలామందికి తగ్గిపోతుంది, పెరుగు తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా ఆ లాక్టోజులో కొంత తినేస్తుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. అందుకే పూతరేకు నాకు ఏమీ చేయలేదు, పాలతాలికలు చేశాయి. కందిపప్పు రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే రెండు గరిటెలు పడుతుంది, నాలుగు గరిటెలు పడదు. పెసరట్టు పడదనుకున్నాను, దాని మీద చల్లే ఉల్లిముక్కలు తీసేస్తే ఒకటి హాయిగా తింటున్నాను. మచ్చలు పడి మెత్తబడిన అరటిపండు కంటే గట్టిగా ఉన్నప్పటిదే నాకు మేలు, పండే కొద్దీ అందులో ఫ్రక్టాన్లు పెరుగుతాయట. మామిడిపండు రెండు ముక్కలు. వేసవిలో ఇదొక్కటే నాకు కష్టం.

గోధుమ గురించి జాగ్రత్త. టీటీజీ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగా వస్తుంది, మానేసి నెలలైతే జబ్బు ఉన్నా నార్మల్ అని రావొచ్చు. మీకు ఆ పరీక్ష కాకపోయి ఉంటే, మళ్లీ ఎన్ని వారాలు తిని రావాలో డాక్టరుగారిని అడిగి అలాగే చేయండి. సీలియాక్ జబ్బు గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదితో పోలిస్తే మనవైపు తక్కువే, కానీ తేల్చుకోకుండా వదలకూడదు. అది లేదని తేలితే, చపాతీకి ఉబ్బడానికి కారణం గ్లూటెన్ కాకుండా ఫ్రక్టాన్లు అయి ఉండొచ్చు, అప్పుడు ఒక చపాతీ పడి మూడు పడకపోవచ్చు.

రొయ్యలు మాత్రం వేరే లెక్క. మీది భీమవరం కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. రొయ్య తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదాలు వాయడం, గొంతు బిగుసుకోవడం, ఆయాసం ఎప్పుడైనా వచ్చి ఉంటే అది అలర్జీ, దాన్ని కొంచెం కొంచెం తిని ఇంట్లో పరీక్షించకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గరే.

ఇంకో మాట, మన గోదావరి జిల్లాల్లో వద్దంటే వినరు, ‘ఇంకొంచెం వేసుకోండి’ అని విస్తట్లో వేసేస్తారు. నేను మొదట్లో ‘నాకు పడదండీ’ అని ఊరుకునేదాన్ని, వాళ్లు చిన్నబుచ్చుకునేవాళ్లు. ఇప్పుడు వెళ్లగానే వడ్డించేవాళ్లకి ‘పప్పు ఒక్క గరిటే, పెరుగు మాత్రం రెండుసార్లు వేయించుకుంటాను’ అని ముందే చెబుతాను, పడేది అడిగి మరీ తినేసరికి వాళ్లకీ సంతోషంగా ఉంటుంది.

మీకు దగ్గర్లో డైటీషియన్ ఉంటే ఆవిడ చూస్తుండగానే ఇదంతా చేయండి, బరువు తగ్గి ఉన్నారు కాబట్టి మళ్లీ కొత్తగా ఏదీ మానకండి. నోటుపుస్తకం ఇవాళే మొదలుపెట్టండి. డాక్టరుగారు ఏమన్నారో, టీటీజీ అయిందో లేదో ఇక్కడ రాయండి, ఉల్లి లేని బొచ్చె పులుసు కొలతలు మా అత్తయ్యని అడిగి ఈలోగా నేను పెడతాను.